పాటకూ లైటుకూ ఒకే గడియారం

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న పాత గడియారాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. పాతబస్తీలో, మూసీ ఒడ్డున ఉంది కదా ఆ మ్యూజియం. గంట కొట్టే వేళ దగ్గరపడితే చాలు, జనం వచ్చి ఆ గడియారం ముందు చేరతారు. పిల్లలు సందు చూసుకుని ముందుకు దూరతారు. అందరి కళ్లూ ఒక చిన్న గడ్డపు బొమ్మ మీదే. ఆ బొమ్మ బయటికి వస్తుంది. గంట ఎంతయితే అన్ని దెబ్బలు కొడుతుంది. మళ్లీ లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లినవాళ్లకు పన్నెండు దెబ్బలూ వినే భాగ్యం. అదే గడియారంలో ఇంకో బొమ్మ ఉంది. కమ్మరి బొమ్మ. అది సుత్తి పట్టుకుని సెకను సెకనుకూ కొడుతూనే ఉంటుంది.

కలకత్తాలో పేరుమోసిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. బయటికి రమ్మని ఆ బొమ్మకు ఎవరు చెబుతున్నారు? పక్కన మనిషెవరూ లేడు. బటన్ నొక్కేవాడు లేడు. ముళ్లను తిప్పే యంత్రమే బొమ్మనూ తిప్పుతోంది. గంట మీద దెబ్బ వేయిస్తున్నదీ అదే. అందుకే ముల్లు ఒకటి చూపిస్తుంటే గంట ఇంకోటి కొట్టడం ఉండదు. లోపల ఉన్నది ఒకటే కాలం.

ఈ రోజు మన విషయం స్టేజీ లైట్లు. రికార్డు చేసిన పాటకు సరిగ్గా సమయానికి లైటు వెలగాలంటే, ఆరాలంటే ఏం చెయ్యాలి? దానికి టైమ్‌కోడ్ అనే పద్ధతి ఉంది. పేరు విని బెదరకండి. దాని గుట్టంతా ఆ గడియారంలో ఉంది. పాటకూ లైటుకూ ఒకే గడియారం. ఇదొక్కటి మనసులో పెట్టుకుని వినండి.

ముందు చిక్కేమిటో చూద్దాం.

పాతబస్తీలో ఒక ఫంక్షన్ హాలు అనుకోండి. బడి వార్షికోత్సవం. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బోనాల పాటకు డాన్స్ చేస్తున్నారు. పాట లాప్‌టాప్‌లో ఉంది. సౌండ్ చూసే అతను స్టేజీ పక్కన కూర్చున్నాడు. లైట్లు చూసే అతను హాలు చివర కూర్చున్నాడు. పాటలో ఒకచోట డప్పులు టక్కున ఆగుతాయి. అక్కడ స్టేజీ మొత్తం చీకటి కావాలి. రెండు సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. మళ్లీ డప్పు పడగానే ఎర్ర లైటు ఫుల్లుగా రావాలి. టీచరమ్మ అడిగింది అంతే.

రిహార్సల్‌లో బ్రహ్మాండంగా కుదిరింది. ప్రోగ్రాం నాడు డప్పు పడింది. పిల్లలు ఎగిరారు. చీకట్లోనే ఎగిరారు. వాళ్లు నేల మీద దిగాక లైటు వచ్చింది.

లైట్ల అతన్ని తిట్టడం తేలిక. కానీ ఒకసారి లెక్క చూడండి. చప్పుడు చెవిన పడాలి. మెదడు గుర్తుపట్టాలి. వేలు కదలాలి. ఇదంతా జరిగేసరికి సెకనులో ఆరో వంతో, అయిదో వంతో గడిచిపోతుంది. అది కూడా చెయ్యి బటన్ మీదే సిద్ధంగా ఉంటే. ఆ క్షణంలో పక్కనుంచి ఎవరైనా వచ్చి, "అన్నా, మా బాబు డాన్స్ ఎప్పుడు?" అని అడిగితే ఇంకో అర సెకను పోయినట్టే.

అనుభవం ఉన్న లైట్‌మన్ ఏం చేస్తాడు? పాటను పది సార్లు వింటాడు. డప్పు పడకముందే లోపల లెక్క వేసుకుని నొక్కుతాడు. అందుకే అతనికి కుదురుతుంది. అది నిజంగా విద్యే. కానీ పాట మొత్తంలో నలభై చోట్ల లైటు మారాలంటే? రెండు సెకన్లకొకసారి రంగు మారాలంటే? వెనక ఎల్ఈడీ తెర మీద బొమ్మ కూడా అదే క్షణంలో మారాలంటే? అంత పనికి రెండు చేతులు చాలవు.

చాలామంది దీనికి ఒక ఉపాయం చేస్తారు. లైట్ల మార్పులన్నీ ముందే వరసగా కంప్యూటర్‌లో పెట్టేస్తారు. పాటను ఒకరు, లైట్లను ఒకరు ఒకేసారి మొదలుపెడతారు. "ఒకటి, రెండు, మూడు, వదులు!" అంతే. రెండూ వాటి దారిన అవి నడుస్తాయి.

ఇది కాసేపు పనిచేస్తుంది. తర్వాత తేడా కొడుతుంది. ఎందుకని?

మళ్లీ గడియారాల దగ్గరికే రండి. పాతబస్తీలో గడియారాలకు కొదవ లేదు. చార్మినార్ కట్టింది 1591లో. దాని మీద గడియారాలు పెట్టింది 1889లో. చౌమహల్లా ప్యాలెస్ గేటు మీద ఖిల్వత్ గడియారం ఉంది. దానికి గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం వారం వారం కీ ఇస్తూ వచ్చింది. చార్మినార్ మీది ఒక గడియారాన్నీ, ఈ ఖిల్వత్ గడియారాన్నీ ఒకే క్షణంలో సరిచేసి వదిలేయండి. కొన్ని రోజులు పోయాక చూడండి. ఒకటి కాస్త ముందుంటుంది, ఒకటి కాస్త వెనకుంటుంది. ఏదీ చెడిపోలేదు. దేని నడక దానిది.

రెండు కంప్యూటర్లూ అంతే. రెండిటి లోపలా గడియారాలున్నాయి. ఆ రెండూ అచ్చం ఒకేలా నడవవు. అయిదు నిమిషాల పాటలో ఆ తేడా కంటికి ఆనకపోవచ్చు. అర్ధగంట నృత్యనాటకంలో ఆనవచ్చు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మధ్యలో పాట ఆగిందనుకోండి. లైట్లకు ఆ సంగతి తెలియదు. అవి ముందుకు పోతూనే ఉంటాయి. రిహార్సల్‌లో టీచరమ్మ, "రెండో చరణం నుంచి మళ్లీ పెట్టు బాబూ" అంటుంది. పాట రెండో చరణానికి వెళ్తుంది. లైట్లు ఎక్కడికి వెళ్లాలి? ఎవరికీ తెలియదు. మళ్లీ మొదటినుంచి రావాల్సిందే.

కారణం ఒకటే. ఒకేసారి మొదలుపెట్టాం గానీ, గడియారాలు మాత్రం రెండున్నాయి. మనకు కావలసింది ఒకటి.

ఇక టైమ్‌కోడ్ అంటే ఏమిటో చెబుతాను.

పాట నడుస్తుండగా, పాటతో పాటే ఇంకొక గొంతు టైము చదువుతోందని ఊహించుకోండి. ఆ గొంతు మనకు వినబడదు. లైట్ల యంత్రానికి మాత్రం వినబడుతుంది. "ఇప్పుడు ఒక నిమిషం పన్నెండో సెకను, నాలుగో ఫ్రేము. ఇప్పుడు అయిదో ఫ్రేము. ఇప్పుడు ఆరో ఫ్రేము." ఇలా సెకనుకు ఇరవై అయిదు సార్లు చదువుతూ పోతుంది. ఒక్క క్షణం ఆగదు. లైట్ల యంత్రం దగ్గర ఒక పట్టీ ఉంటుంది. ఒక నిమిషం పన్నెండో సెకనులో, అయిదో ఫ్రేము దగ్గర చీకటి చెయ్యాలని ఆ పట్టీలో రాసి ఉంది. ఆ అంకె వినబడగానే చీకటి చేస్తుంది. అంతే పని.

ఫ్రేము అనే మాట సినిమా నుంచి, టీవీ నుంచి వచ్చింది. సెకనులో ఒక ముక్క అనుకోండి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. మన దేశపు టీవీ పద్ధతిలో 25. అంటే ఒక్కో ఫ్రేము సెకనులో ఇరవై అయిదో వంతు. ఇందాక మన చెయ్యి సెకనులో అయిదో వంతు ఆలస్యం చేస్తుందని చెప్పుకున్నాం. ఫ్రేముల లెక్కలో అది అయిదు ఫ్రేములు. టైమ్‌కోడ్‌తో ఆ పని ఒక ఫ్రేము అటూ ఇటూగా జరిగిపోతుంది.

ఈ పద్ధతి స్టేజీ కోసం పుట్టలేదు. 1960ల చివర్లో టీవీ వాళ్లకు ఒక అవసరం వచ్చింది. వీడియో టేపులో ఏ బొమ్మ ఎక్కడుందో ఎలా చెప్పాలి? సినిమా రీలునైతే వెలుతురుకు పట్టి కంటితో చూడొచ్చు. వీడియో టేపులో కంటికి ఏమీ కనబడదు. అందుకని ప్రతి బొమ్మకూ ఒక చిరునామా ఇచ్చారు. గంట, నిమిషం, సెకను, ఫ్రేము. అమెరికాలోని సినిమా, టెలివిజన్ ఇంజినీర్ల సంఘం దీన్ని ప్రమాణంగా చేసింది. ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలతోనే దీన్ని ఇప్పటికీ ఎస్ఎంపీటీఈ టైమ్‌కోడ్ అంటారు.

ఆ చిరునామాను టేపు మీద ఎలా రాశారు? శబ్దంగా రాశారు. ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు. అంటే 80 సున్నాలు, ఒకట్లు. అందులో చివరి 16 బిట్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఇక్కడితో ఈ ఫ్రేము అయిపోయిందని యంత్రానికి గుర్తు అవి. టేపు ముందుకు నడుస్తోందా, వెనక్కి నడుస్తోందా అన్నది కూడా ఆ గుర్తును బట్టే తెలుస్తుంది. ఇదంతా శబ్దమే కాబట్టి మామూలు ఆడియో తీగలో పోతుంది. మామూలు ఆడియో ఫైలులో దాక్కుంటుంది. దీన్నే ఎల్‌టీసీ అంటారు. మనకు పనికొచ్చేది ఇక్కడే.

స్టీరియో పాటలో రెండు దారులుంటాయి కదా. ఎడమ ఒకటి, కుడి ఒకటి. స్టేజీ వాళ్లు ఏం చేస్తారంటే, పాట మొత్తాన్నీ ఎడమ దారిలోకి తెస్తారు. కుడి దారిలో టైమ్‌కోడ్ పెడతారు. రెండూ కలిసి ఒకే ఫైలు. లాప్‌టాప్ నుంచి రెండు తీగలు బయటికొస్తాయి. ఎడమ తీగ మిక్సర్‌కు పోతుంది. అక్కణ్నుంచి స్పీకర్లకు. కుడి తీగ లైట్ల యంత్రానికి, అంటే కన్సోల్‌కు పోతుంది.

ఇంకోసారి చెబుతాను. ఎడమ తీగ జనానికి. కుడి తీగ లైట్లకు.

ఇప్పుడు పాట ఆపండి. టైమ్‌కోడ్ కూడా ఆగుతుంది, అదీ ఆ ఫైలులోనిదే కాబట్టి. లైట్లు అక్కడే నిలబడతాయి. పాటను రెండో చరణానికి జరపండి. టైమ్‌కోడూ అక్కడికే జరుగుతుంది. లైట్లు అక్కడి రంగులోకి వచ్చేస్తాయి. టీచరమ్మ ఎన్నిసార్లు "మళ్లీ" అన్నా భయం లేదు. సాలార్‌జంగ్ గడియారంలో బొమ్మ వేరే కాలం చూసుకోదు. ఇక్కడ లైటు కూడా వేరే కాలం చూసుకోదు.

ఒక సందేహం రావచ్చు. స్టేజీ మీద వేలాడే లైట్లకు ఈ టైమ్‌కోడ్ వెళ్తుందా? వెళ్లదు. అది కన్సోల్ వరకే. కన్సోల్ దాన్ని విని, తన పట్టీ చూసుకుని, లైట్లకు వేరే భాషలో చెబుతుంది. ఆ భాష పేరు డీఎంఎక్స్. 1986లో వచ్చింది. ఒక్క తీగ మీద 512 చానళ్లు పోతాయి. ఈ లైటు ఎరుపు ఇంత, ఆ లైటు నీలం అంత అని చెప్పేది డీఎంఎక్స్. ఎప్పుడు చెప్పాలో తెలిపేది టైమ్‌కోడ్.

ఇక చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. ఇవి పుస్తకంలో కంటే హాలులోనే ఎక్కువ అవసరం పడతాయి.

అన్నిటికంటే ముందు ఆ కుడి తీగ. టైమ్‌కోడ్ శబ్దం స్పీకర్లలో పడితే భరించలేం. కీచుమని, గరగరమని, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మన ఫంక్షన్ హాళ్లలో ఫోన్‌నో, లాప్‌టాప్‌నో ఒకే తీగతో మిక్సర్‌కు కలిపేసే అలవాటుంది. అలా కలిపితే ఎడమ, కుడి రెండూ స్పీకర్లలోకి పోతాయి. ముఖ్య అతిథి ముందు వరసలో చెవులు మూసుకుంటారు. అందుకని జనం రాకముందే స్పీకర్ సౌండు బాగా తగ్గించి ఒకసారి వినండి. పాట మాత్రమే వస్తోందా? కీచుమంటోందా? తేల్చుకుని అప్పుడు పెంచండి.

రెండో జాగ్రత్త ఫ్రేముల లెక్క. ఫైలు 25 ఫ్రేములతో చేశారా? కన్సోల్‌లోనూ 25 పెట్టాలి. 30తో చేశారా? అక్కడా 30 పెట్టాలి. అమెరికా టీవీ పద్ధతిలో 29.97 అనే వింత లెక్క ఒకటుంది. దాన్ని 30 అనుకుని వదిలేస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. మనకు ఆ గొడవ అక్కర్లేదు. 25 పెట్టుకోండి. రెండు చోట్లా 25 పెట్టుకోండి. సౌండ్ అతనూ లైట్ల అతనూ పొద్దున్నే మాట్లాడుకోవాల్సిన మొదటి మాట ఇదే. "అన్నా, ఎంత పెట్టినవ్?" "ఇరవై అయిదు." "నేను గూడ ఇరవై అయిదే." అక్కడితో సగం గొడవలు తీరిపోతాయి.

మూడోది, కాస్త ముందుగా మొదలుపెట్టడం. టైమ్‌కోడ్ వినగానే కన్సోల్ దాన్ని పట్టుకోవడానికి కొద్ది ఫ్రేములు పడుతుంది. మొదటి డప్పు దెబ్బకే లైటు కావాలంటే, టైమ్‌కోడ్ ఆ దెబ్బకంటే ముందే నడుస్తూ ఉండాలి. అందుకని ఫైలు మొదట్లో ఒక పది సెకన్లు పాట లేకుండా టైమ్‌కోడ్ ఒక్కటే ఉంచుతారు. మన గడ్డపు బొమ్మ కూడా గంట కొట్టే క్షణంలో తలుపు తియ్యదు కదా. ముందే వచ్చి సిద్ధంగా ఉంటుంది.

నాలుగోది, ప్రోగ్రాంలో పాటలు చాలా ఉంటే. ప్రతి పాటకూ ఒక గంట ఇచ్చేయండి. మొదటి పాట ఒంటిగంట దగ్గర మొదలవుతుంది. రెండోది రెండు గంటల దగ్గర. మూడోది మూడు గంటల దగ్గర. ఇవి గోడ గడియారం గంటలు కావు, పాటకు పెట్టుకున్న నంబర్లు. దీనివల్ల చివరి నిమిషంలో పాటల వరస మార్చినా ఏం కాదు. మూడు గంటల టైమ్‌కోడ్ వినబడిందంటే మూడో పాట లైట్లే వస్తాయి. మన ప్రోగ్రాముల్లో వరస మారకుండా ఉండేది ఎప్పుడు చెప్పండి!

ఇంకా చిన్న చిన్నవి రెండు మూడున్నాయి. టైమ్‌కోడ్ ఉన్న ఫైలును వేవ్ ఫైలుగానే ఉంచండి. బాగా కుదించిన ఎంపీత్రీ చేస్తే ఆ సున్నాలు, ఒకట్లు మసకబారవచ్చు. టైమ్‌కోడ్ దారిలో బాస్ పెంచడం, ఎకో వెయ్యడం లాంటివి చెయ్యకండి. సౌండు మరీ తక్కువ ఉంటే కన్సోల్‌కు వినబడదు. మరీ ఎక్కువైతే చెదిరిపోతుంది. మధ్యస్థంగా ఉంచండి. బ్లూటూత్ అసలే వద్దు. అది శబ్దాన్ని ఆలస్యంగా పంపుతుంది. తీగే నమ్మకం. ఆ తీగ మీద ఎవరైనా కాలు వేసి ఒక క్షణం ఊడిందనుకోండి. మంచి కన్సోళ్లు కొన్ని ఫ్రేముల పాటు తమంతట తామే లెక్కపెట్టుకుంటూ నడుస్తాయి. తీగ మళ్లీ తగలగానే అందుకుంటాయి. అయినా ఆ తీగను నేలకు టేపుతో అంటించండి.

ఇప్పుడు హాలు వదిలి కాస్త బయటికి వెళ్దాం. కోట దాకా వెళ్దాం.

గోల్కొండలో సాయంత్రం పూట సౌండ్ అండ్ లైట్ షో జరుగుతుందని మీకు తెలుసు. అది 1993లో మొదలైంది. ఇంగ్లిషు వ్యాఖ్యానం అమితాబ్ బచ్చన్ గొంతులో ఉండేది. 2024 జనవరిలో కొత్త ప్రొజెక్టర్లతో కొత్త ప్రదర్శన వచ్చింది. ఇలాంటి ప్రదర్శనలకు మూలం ఫ్రాన్స్. అక్కడ షాంబోర్ కోటలో 1952లో మొదటిది జరిగింది. ఢిల్లీ ఎర్రకోటలో 1960లలో వచ్చింది. ఎక్కడైనా పద్ధతి ఒకటే. నటులు ఉండరు. గొంతు ఉంటుంది, సంగీతం ఉంటుంది, వెలుగు ఉంటుంది. భాగమతి పేరు వినబడితే ఒక బురుజు మీద లైటు పడాలి. ఫిరంగి మోత వినబడితే ఇంకో గోడ ఎర్రబడాలి. కథ చెప్పేది గొంతు. ఎటు చూడాలో చెప్పేది లైటు. రెండూ విడిపోతే కథ పోతుంది.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఒకే కథను తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో చెప్పాలనుకోండి. మూడు భాషల్లో ఆ మాటలకు ఒకే నిడివి పట్టదు. తెలుగు వాక్యం ముగిసేసరికి ఇంగ్లిషు వాక్యం ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు. మరి బురుజు మీద లైటు ఎప్పుడు పడాలి? ఒక భాషకు కట్టిన లైట్ల పట్టీ ఇంకో భాషకు పనికిరాదు. భాషకొక పట్టీ కావాలి. లేదా మూడు భాషల్లోనూ ఆ పేరు ఒకే క్షణంలో వచ్చేలా విరామాలు సర్ది రికార్డు చెయ్యాలి. ఎలా చేసినా గొంతు మారితే గడియారం కూడా దానితోనే మారాలి.

గోల్కొండ పేరు చెప్పగానే చప్పట్లు గుర్తొస్తాయి కదా. కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది. టూరిస్టులందరూ కొట్టి చూస్తారు. కానీ ఆ శబ్దం కొట్టిన క్షణంలోనే పైకి చేరదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. కిలోమీటరు పోవాలంటే మూడు సెకన్లు కావాలి. వెలుగుకు అలాంటి ఆలస్యం మన కంటికి తెలియదు. అంటే ఏమిటి? స్పీకరుకు 34 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి శబ్దం సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. లైటు మాత్రం వెంటనే కనబడుతుంది. టైమ్‌కోడ్ సరిగ్గానే ఉన్నా, అతనికి లైటే ముందు వచ్చినట్టు ఉంటుంది. చిన్న హాలులో దీని గురించి బెంగ అక్కర్లేదు. పెద్ద మైదానంలో ప్రోగ్రాం అయితే మాత్రం కన్సోల్ దగ్గర కూర్చునే తీర్పు చెప్పకండి. జనం ఎక్కువగా కూర్చునే చోటుకు వెళ్లి నిలబడి చూడండి. అక్కడ కుదిరితే కుదిరినట్టు.

ఇంతసేపూ టైమ్‌కోడ్ గొప్ప చెప్పాను. ఇప్పుడు అది ఎక్కడ వద్దో చెబుతాను. ఇదీ అంతే ముఖ్యం.

సురభి నాటకాలు చూశారా? కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన సమాజం అది. ఇప్పుడు మన హైదరాబాద్‌లో, లింగంపల్లి సురభి కాలనీలో ఆ కుటుంబాలు ఉన్నాయి. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ గారిది ఆ పరంపరే. వాళ్ల నాటకాల్లో ఆకాశంలో బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. నిప్పురవ్వలు రాలతాయి. మనుషులు గాల్లో ఎగురుతారు. అంతా తాళ్లతో, తీగలతో, పక్కన దాక్కున్న మనుషుల చేతులతో జరిగే పని. క్షణం తప్పితే బాణం బాణానికి తగలదు. మరి అక్కడ టైమ్‌కోడ్ ఉందా? లేదు. అక్కర్లేదు. తెర పక్కన ఉన్న మనిషికి నటుడి ఊపిరి తెలుసు. పద్యం చివరి రాగం ఈ రోజు ఎంత సాగుతుందో చూస్తాడు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే ఆగుతాడు. హార్మోనియం ఎత్తుకున్నాక తాడు లాగుతాడు.

ఖవ్వాలీ సంగతి చూడండి. పాతబస్తీలో తెల్లవార్లూ ఖవ్వాలీ వినడం తెలిసినవాళ్లున్నారు. ఒక పంక్తికి సభ ఊగిపోయిందంటే గాయకుడు దాన్నే పదిసార్లు తిప్పి పాడతాడు. ఆ పంక్తి ఈ రోజు రెండు నిమిషాలు. రేపు ఆరు నిమిషాలు. మధ్యలో లయ పెరుగుతుంది. పెళ్లి బరాత్‌లో మర్ఫా వాయించేవాళ్లదీ ఇదే దారి. గుర్రం ముందు కుర్రాళ్ల ఊపును బట్టి దరువు మారుతుంది. ఇక్కడ టైమ్‌కోడ్ పెడితే గాయకుడు లైట్ల కోసం పరుగెత్తాలి. అంతకంటే అన్యాయం లేదు.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి. పాట రికార్డు చేసిందయితే, ఎన్నిసార్లు వేసినా అది ఒకేలా నడుస్తుంది. అక్కడ గడియారానికి పెత్తనం ఇవ్వండి. మనిషి పాడుతుంటే, మాట్లాడుతుంటే, నటిస్తుంటే, ఆ మనిషే గడియారం. అక్కడ లైట్ల అతని కళ్లు ఆ మనిషి మీద ఉండాలి. వేలు బటన్ మీద ఉండాలి.

రెండూ కలిసిన ప్రోగ్రాములే మనకు ఎక్కువ. యాంకర్ మాట్లాడుతుంది. తర్వాత రికార్డు పాటకు డాన్స్. మళ్లీ బహుమతుల పంపకం. ఇందులో డాన్స్ వరకు టైమ్‌కోడ్ పెట్టుకోండి. మాటలప్పుడు, బహుమతులప్పుడు చేత్తో చెయ్యండి. కన్సోల్‌లో ఈ రెండు పద్ధతులూ మార్చుకోవచ్చు. పాట అయిపోగానే టైమ్‌కోడ్ ఆగుతుంది. అప్పుడు పెత్తనం చేతికి వస్తుంది. ఇంకో పాట మొదలుకాగానే గడియారానికి పోతుంది.

"ఇదంతా పెద్ద పెద్ద కన్సోళ్లు ఉన్నవాళ్లకు గదా సార్, మా బస్తీ పిల్లల ప్రోగ్రాంకు ఎక్కడ కుదురుతది?" అని మీరు అడగొచ్చు. కుదురుతుంది. క్యూఎల్‌సీ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితంగా దొరుకుతుంది. లాప్‌టాప్‌లో వేసుకోవచ్చు. యూఎస్‌బీ నుంచి డీఎంఎక్స్‌కు మార్చే చిన్న పరికరం ఒకటి కొనుక్కోవాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక గీత మీద పాట పెట్టుకోవచ్చు. దాని కిందే అదే గీత వెంట లైట్ల మార్పులు పెట్టుకోవచ్చు. ప్లే నొక్కితే రెండూ కలిసి నడుస్తాయి. ఒకే లాప్‌టాప్, ఒకే గడియారం. విడిగా టైమ్‌కోడ్ తీగ కూడా అక్కర్లేదు. పాట ఒక యంత్రంలో, లైట్లు ఇంకో యంత్రంలో ఉన్నప్పుడే ఆ తీగ కావాలి. రెండూ ఒకే చోట ఉంటే సూత్రం దానంతట అదే నెరవేరుతుంది.

ఏ పరికరం వాడినా సరే, మొదటి పని మాత్రం కాగితం మీదే. స్టేజీ పనిలో ఉన్న కుర్రాళ్లకు, బడి ప్రోగ్రాములు చేయించే టీచర్లకు ఒక చిన్న పని చెబుతాను. మీ తర్వాతి ప్రోగ్రాంలోంచి ఒక పాట తీసుకోండి. ఫోన్‌లో పెట్టి వినండి. లైటు మారాలని మీకు అనిపించిన ప్రతిచోటా ఆపండి. తెర మీద టైము చూసి రాసుకోండి. పక్కనే ఏం జరగాలో ఒక్క ముక్కలో రాయండి. ఇరవై రెండో సెకను, పసుపు. నిమిషం పన్నెండు, చీకటి. నిమిషం పద్నాలుగు, ఎరుపు. మొత్తం అయ్యాక ఆ కాగితం పట్టుకుని ఇంకోసారి వినండి. ఎక్కువైనవి కొట్టేయండి. ప్రతి దెబ్బకూ లైటు మారితే చూసేవాళ్లకు తలనొప్పి వస్తుంది. నాలుగైదు చోట్ల గట్టిగా మారితే చాలు, ఆ నాలుగైదే గుర్తుండిపోతాయి.

ఆ కాగితాన్ని లైట్ల అతనికి ఇవ్వండి. అతని దగ్గర టైమ్‌కోడ్ ఉంటే కన్సోల్‌లో ఎక్కిస్తాడు. లేకపోతే ఆ టైములు చూసుకుంటూ చేత్తోనే చేస్తాడు. "ఆ డప్పు వచ్చినప్పుడు అన్నా" అని నోటితో చెప్పినదానికంటే ఎంతో మేలు.

చివరగా మూడు మాటలు మళ్లీ చెబుతాను. రికార్డు పాటకు లైట్లు కట్టాలంటే రెండిటికీ ఒకే గడియారం ఉండాలి. ఫ్రేముల లెక్క రెండు చోట్లా ఒకటే ఉండాలి. టైమ్‌కోడ్ తీగ స్పీకర్లలోకి పోకూడదు. ఈ మూడూ చూసుకుంటే ఈసారి డప్పు పడగానే పిల్లలు వెలుతురులోనే ఎగురుతారు. వాళ్లమ్మలు తీసే ఫోన్ వీడియోల్లో కూడా మొహాలు కనబడతాయి.